కమలాపురం విత్తనం, కచ్ఛ్ గడ్డి

గుజరాత్‌లోని కచ్ఛ్ జిల్లాలో, భుజ్ పట్నానికి ఉత్తరాన బన్నీ అనే ప్రాంతం ఉంది. అక్కడ పొద్దు గూకాక గేదెలను కొట్టంలో కట్టెయ్యరు, మేతకు విడిచిపెడతారు. పగలంతా నిప్పులు చెరిగిన ఎండకు కాలిన నేల రాత్రికి చల్లబడుతుంది. గేదెలు గుంపు కట్టి, చాలాసార్లు కాపరి తోడైనా లేకుండా, చీకట్లోనే మేసుకుంటూ పోయి తెల్లవారి పాలు పిండే వేళకు ఇల్లు చేరతాయి. తరతరాలుగా ఈ రాత్రి మేతకు అలవాటుపడిన బన్నీ గేదెను 2010లో మన దేశంలో ఒక ప్రత్యేక జాతిగా గుర్తించారు. మాల్ధారీలనే పశుపోషకుల ఓపిక, ఆ నేల మీద మొలిచే గడ్డి కలిసి తయారుచేసిన జాతి అది.

ఆ గడ్డి మీదికి ఇప్పుడు ముళ్ల చెట్లు ఎక్కి కూర్చున్నాయి. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల బన్నీకి ఒకప్పుడు ఆసియాలోని మేలైన పచ్చిక బయళ్లలో ఒకటని పేరు. వానలు పడితే కనుచూపు మేరా గడ్డి, ఎక్కడో దూరాన ఒక ఒంటరి చెట్టు. ఇవాళ అందులో దాదాపు సగం నేల ఒకే ఒక్క జాతి చెట్టు కింద ఉంది. అక్కడివాళ్లు దాన్ని ‘గాండో బావళ్’ అంటారు. పిచ్చి తుమ్మ అని అర్థం.

తెలుగువాళ్లకు ఈ చెట్టు కొత్తదేమీ కాదు. ఊరి చెరువులో, రైలు కట్ట పక్కన, సాగు మానేసిన చేలో, పాడుబడ్డ దిబ్బ మీద పెరిగే సర్కారు తుమ్మే అది. కొన్నిచోట్ల సర్కారు కంప, ఇంకొన్నిచోట్ల ఇంగ్లీషు తుమ్మ అంటారు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. అంతకన్నా దగ్గరి సంబంధం ఇంకొకటుంది. బన్నీ గడ్డిని కమ్మేసిన ఈ చెట్టుకు భారతదేశంలో తొలి నారు పోసింది కడప జిల్లాలోనే.

జమైకా నుంచి కడపకు

1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశారు. ఎంత కరువునైనా తట్టుకుంటుంది, త్వరగా ఎదుగుతుంది, మంచి వంటచెరకు ఇస్తుంది. ఎండు ప్రాంతాలకు ఇంతకన్నా ఏం కావాలన్నది ఆనాటి ఆలోచన. మరుసటి ఏడాది, 1877లో, జమైకా నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల చెట్టు అలా రాయలసీమ నేలలో వేరు పట్టింది.

ఆ తర్వాత దాని ప్రయాణానికి అడ్డు లేకపోయింది. జోధ్‌పూర్ సంస్థానంలో 1930లలో దీని విత్తనాలను విమానం నుంచి చల్లించారు. 1940లో రాజవృక్షమని ప్రకటించి కాపాడారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అడవుల శాఖలకు ఇది ఇష్టమైన చెట్టుగానే ఉండిపోయింది. బన్నీకి ఉత్తరాన రణ్ అనే విశాలమైన ఉప్పు ఎడారి ఉంది. ఆ ఉప్పు మెల్లగా గడ్డి నేలల్లోకి పాకుతుందన్న భయంతో, దాన్ని అడ్డుకోవడానికి 1961లో గుజరాత్ అటవీ శాఖ దాదాపు 31,500 హెక్టార్లలో సర్కారు తుమ్మ నాటించింది. ఉప్పును ఆపాలని తెచ్చిన చెట్టు ఆ కంచె దాటి గడ్డిలోకి దిగింది.

దాని బలమంతా దాని కాయలో ఉంది. పసుపుపచ్చని ఆ కాయ తియ్యగా ఉంటుంది. గేదె, ఆవు, మేక, గొర్రె అన్నీ ఇష్టంగా తింటాయి. గుజ్జు అరుగుతుంది, గట్టి పెంకు ఉన్న గింజ అరగదు. కడుపులో కాస్త నాని, పేడతో పాటు మరో చోట పడి, ఆ ఎరువులోనే మొలకెత్తుతుంది. మంద నడిచిన దారి పొడవునా విత్తనం పడుతుంది. మొలిచిన మొక్క ముందు కిందికి దిగుతుంది, తర్వాత పైకి లేస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన మెస్కీట్ చెట్టు వేరు అమెరికాలోని అరిజోనాలో, ఒక గని తవ్వకంలో, నేలకు 53 మీటర్ల లోతున కనిపించింది. నరికితే మొదలు నుంచి పది కొమ్మలు చిగురిస్తాయి. రాలిన ఆకుల్లోని రసాయనాలు చుట్టుపక్కల గడ్డిని, ఇతర మొక్కలను మొలవనివ్వవు.

నిప్పు, మేత, గాలి

బన్నీ కథ ఒక్క కచ్ఛ్‌దే అనుకుంటే పొరపాటు. ఆఫ్రికా సవన్నాలు, అమెరికా ప్రెయిరీలు, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల గడ్డి నేలలు, అన్నిచోట్లా చెట్లూ పొదలూ ముందుకు జరుగుతున్నాయి. సవన్నా అంటే నేలంతా గడ్డి పరుచుకుని, చెట్లు చెదురుమదురుగా నిలబడ్డ బయలు. చాలాచోట్ల ఈ పని చేస్తున్నది బయటి చెట్టు కూడా కాదు, ఆ నేల మీద ఎప్పటినుంచో ఉన్న స్థానిక జాతే. అడవులు నరికేస్తున్నారని వినీ వినీ అలవాటైన చెవులకు ఇది వింతగా తోస్తుంది. కారణాలు తెలియాలంటే గడ్డికీ చెట్టుకూ మధ్య తగువును ఎవరు తీరుస్తున్నారో చూడాలి.

మొదటి పెద్దమనిషి నిప్పు. గడ్డి పెరిగే కన్ను నేలకు ఆనుకుని, లేదా మట్టిలోపల ఉంటుంది. వేసవిలో పైగడ్డి కాలిపోయినా నాలుగు చినుకులు పడగానే చిగురు వేస్తుంది. చెట్టు పిల్ల అలా కాదు. దాని పెరిగే కొన పైన ఉంటుంది కాబట్టి మంటకు మాడిపోతుంది. మళ్లీ మొదటి నుంచి లేవాలి. ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య మనిషిని మించిన ఎత్తుకు ఎదిగితేనే అది చెట్టవుతుంది. లేకపోతే ఏళ్ల తరబడి గడ్డిలోనే గడ్డిలా ఉండిపోతుంది.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కోంజా ప్రెయిరీ అనే పరిశోధన కేంద్రం ఉంది. దశాబ్దాలుగా అక్కడ ఒక నేల ముక్కకు ఏటా, ఒకదానికి నాలుగేళ్లకోసారి, మరొకదానికి ఇరవయ్యేళ్లకోసారి నిప్పు పెట్టి చూస్తున్నారు. ఏటా కాల్చిన నేల ఇప్పటికీ గడ్డే. నాలుగేళ్లకోసారి కాల్చినది పొదలతో నిండింది. ఇరవయ్యేళ్లు వదిలేసిన చోట జూనిపర్ చెట్ల తోపు లేచింది. వాన ఒక్కటే, మట్టి ఒక్కటే, తేడా అంతా నిప్పుదే. పొదలు పెరిగాక వాగులో పారే నీరు కూడా తగ్గింది. వానలు మాత్రం తగ్గలేదు.

రెండో పెద్దమనిషి మేసే జంతువు. దీని తీర్పు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి సంగతి చూడండి. 1890లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి అక్కడికి వచ్చి పశువులతో పాటు అడవి జంతువులనూ ఊడ్చేసింది. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో 1960ల నాటికి ఆ రోగం అక్కడ తొలగిపోయింది. అప్పటికి రెండున్నర లక్షలున్న విల్డెబీస్ట్ అనే గడ్డి మేసే జంతువులు 1970లు ముగిసేసరికి పదమూడు లక్షలు దాటాయి. అన్ని నోళ్లు గడ్డి మేసేసరికి మండేందుకు ఎండుగడ్డి మిగల్లేదు. కార్చిచ్చులు తగ్గాయి, చెట్లు పెరిగాయి. పశువుకు వేసిన సూది మందు ఇరవయ్యేళ్ల తర్వాత అడవిలో చెట్టై కనబడింది.

నమీబియాలో అదే మలుపు మనిషి చేతుల్లో జరిగింది. కంచెలు వేసిన పశు క్షేత్రాల్లో గడ్డిని మితిమీరి మేపారు. రైతులు మంటలు రాకుండా చూసుకున్నారు. కొమ్మలు విరిచి, పొదలు మేసి చెట్లను అదుపులో ఉంచే ఏనుగులు, ఖడ్గమృగాలు ఆ భూముల్లో లేకుండా పోయాయి. ఫలితంగా ముళ్ల పొదలు చిక్కగా అల్లుకున్నాయి. 2004 నాటి అంచనా ప్రకారమే అవి కమ్మిన నేల 2.6 కోట్ల హెక్టార్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే ఇంచుమించు అంత విస్తీర్ణం వస్తుంది. తర్వాతి అంచనాలు ఇంకా ఎక్కువే చెబుతున్నాయి. బయలులో పరుగెత్తి వేటాడే, చిరుతపులి లాంటి చీతాకు ఆ ముళ్ల మధ్య పరుగు లేదు. పశువులకు మేత లేదు.

మూడోది గాలి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. జొన్న, మొక్కజొన్న, చెరకు లాంటి మొక్కలకు ఈ వాయువును ఆకులో పోగుచేసుకునే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. ఉష్ణ ప్రాంతాల గడ్డి చాలామటుకు ఆ కోవలోదే. గాలిలో ఆ వాయువు తక్కువ ఉన్నప్పుడు కూడా వాటికి లోటు లేదు, ఎక్కువైనా పెద్దగా ఒరిగేది లేదు. చెట్లకు ఆ ఏర్పాటు లేదు. గాలిలో ఆ వాయువు పెరిగేకొద్దీ వాటికి పండగే. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు విలియం బాండ్, గై మిడ్‌గ్లీ 2000లో ఈ సంగతిని ముందుకు తెచ్చారు. ఎక్కువ వాయువు పీల్చిన చెట్టు పిల్ల వేళ్లలో పిండిపదార్థం దాచుకుంటుంది. మంటకు కాలినా ఆ నిల్వతో వేగంగా లేస్తుంది, మరో మంట వచ్చేలోపు దానికి అందనంత ఎత్తుకు ఎదుగుతుంది. అంటే ఎక్కడో కాల్చిన బొగ్గు, పెట్రోలు ఇంకెక్కడో గడ్డి నేలలో తగువును చెట్టు వైపు తిప్పుతున్నాయి.

నిప్పు ఆపితే ఏమైంది?

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు వేసవి మొదట్లోనే, గడ్డి ఇంకా పూర్తిగా ఎండకముందు, చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్లు. పెద్ద కార్చిచ్చు రాకుండా ఆపడం, కొత్త గడ్డి మొలిపించడం వాళ్ల ఉద్దేశం. అటవీ చట్టాలు ఆ మంటను నేరంగా చూశాయి, నిషేధించాయి. ఆ అడవుల్లో 1997లో పరిశోధకులు గీసుకున్న గడుల్లో 41 శాతం చోట్ల లాంటానా అనే విదేశీ ముళ్ల పొద కనిపించింది. 2008లో చూస్తే 81 శాతం గడుల్లో ఉంది. నిప్పు ఉన్నప్పుడు లాంటానా ఇంతగా లేదని సోలిగలు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు.

తమిళనాడులోని పళని కొండల మీద పచ్చిక బయళ్లకు పట్టిన గతి వేరు. అక్కడ తోటల కోసమే వాటిల్, నీలగిరి, పైన్ చెట్లు నాటారు. నాటిన చోట అవి ఆగలేదు, చుట్టూ ఉన్న గడ్డిలోకి విత్తనం చల్లుకున్నాయి. నాలుగు దశాబ్దాల ఉపగ్రహ చిత్రాలను పోల్చితే ఆ కొండల గడ్డిలో మూడింట రెండు వంతులు తోటలకు, సాగుకు పోయినట్టు తేలింది.

బట్టమేక పోయిన బయలు

గడ్డి పోతే పోయేది గడ్డి ఒక్కటే కాదు. మీటరు ఎత్తుతో, మగదైతే పదిహేను కిలోల దాకా బరువుతో ఉండే బట్టమేక పక్షి నేల మీదే ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దూరం నుంచే శత్రువును చూసి జాగ్రత్తపడటమే దానికి రక్ష. పొదలు అడ్డమైతే ఆ రక్ష పోయినట్టే. ఆ పక్షి కోసమే 1988లో నంద్యాల దగ్గర రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. చుట్టుపక్కల మెట్ట పొలాలకు కాలువ నీళ్లు వచ్చి సాగు తీరు మారింది, బయలు కుదించుకుపోయింది. రోళ్లపాడు నుంచి ఆ పక్షి దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తం మీద అడవిలో బతికి ఉన్నవి నూటయాభై లోపే.

అలాగని చెట్టే శత్రువనుకోవడమూ తప్పే. సర్కారు తుమ్మకు తొలి పాదు పడ్డ కడప జిల్లాలోనే కలివి కోడి కథ జరిగింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. దానికి మరీ బట్టబయలూ పనికిరాదు, చిక్కటి పొదలూ పనికిరావు. పొదకూ పొదకూ మధ్య నడవడానికి నేల ఉండాలి. ఎంత చెట్టు, ఎంత గడ్డి అన్నది ఒక్కో జీవికి ఒక్కో లెక్క. ఆ లెక్కను లక్షల ఏళ్లుగా నిప్పు, మేత, వాన సరిచూస్తూ వచ్చాయి.

మనుషుల సంగతికి వస్తే, 2019 పశుగణనలో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ. ఆ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. రెండూ కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలు. వాటిలో అత్యధిక భాగం బీళ్ల మీద, కోసిన చేల మీద తిరిగి కడుపు నింపుకునేవే. తుమ్మ కమ్మిన బీడులో గొర్రెకు దొరికేది ఎండాకాలంలో నాలుగు కాయలు. వానాకాలం గడ్డి దొరకదు.

బన్నీలో కూడా తుమ్మ దెబ్బ ముందుగా కాంక్రేజ్ జాతి ఆవుల మీద పడింది. ఆ కాయలు ఎక్కువగా తిన్న ఆవులు జబ్బుపడుతున్నాయని మాల్ధారీలు గమనించారు. గేదెలు కాస్త తట్టుకున్నాయి. చాలా ఇళ్లలో ఆవుల మంద తగ్గి గేదెల మంద పెరగడానికి అదొక కారణం.

‘బంజరు’ అన్న పేరు

ఇంత జరుగుతున్నా గడ్డి నేలల గురించి అంతగా మాట్లాడుకోం. దానికి మూలం పేరులోనే ఉంది. శిస్తు రాని నేలను బ్రిటిషు రెవెన్యూ లెక్కలు పనికిరాని భూమిగా రాశాయి. ఆ చూపు ఇంకా పోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్ర ప్రభుత్వం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో గడ్డి, పొదల బయళ్లు ఎన్నో ఆ పద్దు కిందికే వస్తాయి. ఎం.డి. మధుసూదన్, అబి తమీం వనక్ అనే పరిశోధకులు 2022లో దేశంలోని ఇలాంటి సహజమైన బయళ్లను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించి పటం గీశారు. అవి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే దేశ విస్తీర్ణంలో సుమారు పదోవంతు ఉన్నాయి. వాటిలో అభయారణ్యాల రక్షణ ఉన్నది అయిదు శాతం కన్నా తక్కువ. ప్రభుత్వ లెక్కలో బంజరుగా ఉన్నది మూడింట రెండు వంతులకు దగ్గర.

బంజరు అని రాసిన నేల మీద ఏం చేసినా మేలు చేసినట్టే లెక్క. మొక్కలు నాటితే మెప్పు, నాటిన మొక్కల సంఖ్యే విజయం. గడ్డి తన కర్బనాన్ని ఎక్కువగా మట్టిలో, వేళ్లలో దాచుకుంటుందని, మంట పైన పారినా ఆ నిల్వ కింద భద్రంగా ఉంటుందని ఆ లెక్కల్లో ఎక్కడా ఉండదు. తెలుగు రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ‘బంచరాయి’ అనే మంచి మాట ఉంది. ఊరి పశువుల మేతకు వదిలిన నేల అని దాని అర్థం. గడ్డి నేలకు ఒక పని ఉందని, ఆ పనికి ఊరంతా హక్కుదారని ఆ ఒక్క మాటే చెబుతుంది.

మళ్లీ గడ్డి మొలవాలంటే

సర్కారు తుమ్మను తీసెయ్యడం తేలిక కాదు. పైపైన నరికితే అది మరింత గుబురుగా లేస్తుంది. మొదలు కింద మట్టి తవ్వి, చిగురు పుట్టే వేరు ముడిని పెకలించాలి. అలా పెకలించి, కొన్నాళ్లు మంద తొక్కకుండా కాపాడిన చోట గడ్డి తిరిగి వచ్చిందని బన్నీలో మాల్ధారీలు, వాళ్లతో పనిచేసిన శాస్త్రవేత్తలు కళ్లారా చూశారు. విత్తనం మట్టిలో ఇంకా ఉంది, లేదా గాలికి వచ్చి పడింది. కొమ్మలు మాత్రం కొట్టి వదిలేసిన చోట ఆ ఫలితం రాలేదు.

బతుకుతెరువు చిక్కు ఇంకొకటి. ఇదే చెట్టు లక్షల పేద ఇళ్లకు పొయ్యిలోని కట్టె, కూలీల చేతికి బొగ్గు బట్టీ కూలి. రాయలసీమలోనూ, బన్నీలోనూ ఇది నిజం. 2004లో బన్నీలో తుమ్మ బొగ్గు మీద ఆంక్షలు ఎత్తేశారు. తుమ్మతో పాటు దేశవాళీ చెట్లకూ గొడ్డలి దెబ్బ తగిలింది. 2008లో మళ్లీ నిషేధించారు. చెట్టును ఒక్కసారిగా పీకేస్తామంటే కట్టె కొట్టే కుటుంబం వీధిన పడుతుంది. వదిలేస్తే పాడి కుటుంబం ఎండుతుంది. ఒక్కో ముక్క నేలను ఎంచుకుని, పెకలించిన కట్టెను ఆ ఊరివాళ్లే అమ్ముకునేలా చేసి, ఆ ముక్క గడ్డి పట్టాక మరో ముక్కకు పోవడమే నడవగలిగిన దారి.

ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? 1955లోనే రక్షిత అడవిగా ప్రకటించినా బన్నీ ఎప్పుడూ అడవి కాదు. మాల్ధారీలు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు అడిగారు. గడ్డిలో కంచెలు వేసి సాగు చేస్తున్నవాళ్లను తొలగించాలని 2021లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. రాత్రి గేదెలు తిరిగే దారులు మూసుకుపోకూడదన్నది మాల్ధారీల పట్టు. అది న్యాయమైన పట్టు. గడ్డిని గడ్డిగా ఉంచడానికి ఇన్ని తరాలుగా కాపలా కాసినవాళ్లను పక్కన పెట్టి వేసే ఏ పథకమూ నిలవదు.

2026ను పచ్చిక బయళ్ల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. కమలాపురంలో సర్కారు తుమ్మ విత్తనం పడి అప్పటికి 149 ఏళ్లు. ఏటా తొలకరికి మొక్కలు నాటే కార్యక్రమాలు ఊరూరా జరుగుతాయి, జరగాలి కూడా. బడి ఆవరణలో, బాట పక్కన, చెరువు గట్టున, నరికేసిన అడవిలో నాటండి. ఊరి బీడులో గుంతలు తవ్వేముందు మాత్రం అక్కడ గొర్రెలు కాసేవాళ్లను పిలిచి అడగండి. మొదటి వానకు ఇక్కడ ఏ గడ్డి మొలుస్తుంది, మంద ఏ నెలలో వస్తుంది, ఏ పిట్ట ఇక్కడ గుడ్డు పెడుతుంది అని. వాళ్లు గడ్డి పేర్లు చెప్పగలిగారంటే ఆ గుంతలు వేరే చోట తవ్వండి.